థాంక్యూ మాస్టారు

సుద్దముక్క అరిగి గోరంత మిగిలినా మాస్టారు పారెయ్యరు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య దాన్ని ఇరికించుకుని, ఊపిరి బిగబట్టి, బల్లమీద పరిచిన బూడిదరంగు ఉన్నిగుడ్డ మీద చంక వంపు గీస్తున్నారు. వంపు తిరిగేచోట చెయ్యి ఓ క్షణం ఆగింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మోచేత్తో దాన్ని పైకి తోసుకుని, గీత పూర్తిచేసి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకి వాల్చి చూసుకున్నారు. బాగానే ఉందనిపించింది. ఈ మధ్య ఆయనకి ఏ గీత గీసినా బాగానే ఉందనిపిస్తోంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ గుడ్డ మామూలుది కాదు. దాన్ని తెచ్చినాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళ నాన్న ఎప్పుడో కోటు కుట్టించుకుందామని కొని, తీరిక చూసుకుని కుట్టించుకోవచ్చులే అని పెట్టెలో దాచి, ఆ తీరిక దొరక్కుండానే పోయాడట. కొడుకు ఇన్నాళ్ళకి పెట్టె తెరిచి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుడ్డని రెండు చేతులమీద మోసుకొచ్చి మాస్టారి బల్లమీద పెట్టాడు. "ఇలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు మాస్టారూ, కొంచెం జాగ్రత్త" అన్నాడు. మాస్టారికి జాగ్రత్తలు చెప్పిన కస్టమరు ఇంతకాలానికి అతనొక్కడే.

షాపు సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. వీధివైపు అద్దాల తలుపు, దాని పక్కనే వెలుతురు పడేలా కటింగు బల్ల. ఆయన పొట్ట ఆనీ ఆనీ బల్ల అంచు ఒకచోట నున్నబడి లోపలికి వంగింది. బల్ల వెనకాల రెండు కుట్టుమిషన్లు, ఇస్త్రీపెట్టె, ట్రయలు చూసుకోడానికి తెర కట్టిన మూల, నిలువుటద్దం. కుట్టడం అయిపోయిన కోట్లు గోడ కొక్కేలకి వరసగా వేలాడుతూ, తలల్లేని పెద్దమనుషులు సభ తీర్చినట్టుంటాయి. తలుపు దగ్గర ఎర్రరంగు వేసిన రెండు ఇసక బక్కెట్లు. వాటి కథ తర్వాత.

రెండో మిషను దగ్గర కోడలు కూర్చుని ఉంది. ఆమెది ఎడమచేతివాటం. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మాస్టారి కొడుకు బస్సు డ్రైవరు, అతనికి సూది చూస్తేనే ఆవులింతలు వస్తాయి. ఈమె మాత్రం మధ్యాహ్నం మామగారికి క్యారేజీ పట్టుకొచ్చి, ఆయన తిని గిన్నెలు ఖాళీ చేసేలోపు మిషను పక్కన నిలబడి చూసి చూసి పనంతా నేర్చేసుకుంది. ఇప్పుడామె కాలరు కుడితే మాస్టారే వేలితో రాసి చూసుకుంటారు, కుట్టు ఎక్కడ మొదలయిందో ఎక్కడ ముగిసిందో వేలికి తగలదు. జేబులు, కాజాలు, లైనింగు అన్నీ ఆమెవే. కత్తెర ఒక్కటే ఆయనది.

టైలరింగులో కత్తెర పట్టినవాళ్ళే మాస్టర్లు, మిగతావాళ్ళంతా కుట్టేవాళ్ళు. కుట్టు తప్పిందనుకోండి, విప్పుకుని మళ్ళీ కుట్టుకోవచ్చు. గుడ్డని ఒకసారి తప్పుగా కోశాక చేయగలిగింది ఏమీ లేదు. అందుకని మాస్టారు ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. కోడలు మొదట్లో ఒకటి రెండుసార్లు అడిగింది. "కత్తెర నీ చేతికి కుదరదమ్మా" అన్నారాయన. అది అబద్ధమేం కాదు. కత్తెరలు కుడిచేతి వాళ్ళ కోసం చేసినవి. ఎడమచేత్తో పడితే పై రేకు సుద్దగీతని కప్పేస్తుంది, రేకులు ఎడంగా జరిగి గుడ్డ మధ్యలో నలిగిపోతుంది. ఆమె అది స్వయంగా పట్టి చూసింది, నలిగిన గుడ్డని చూసింది, ఇక అడగలేదు.

"మామయ్యా" అంది కోడలు, మిషను తొక్కుతూనే.

"ఊఁ."

"యూనిఫారాల కంపెనీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. కటింగులోకే తీసుకుంటారట. ఎడమచేతి వాళ్ళకి వేరే కత్తెర ఉంటుంది, మేమే ఇస్తాం అన్నారు." మిషను ఆగింది. "రేపు పొద్దున్న ఏదో ఒకటి చెప్పమన్నారు."

మాస్టారు సుద్దముక్కని జేబులో వేసుకున్నారు. మళ్ళీ తీశారు. మళ్ళీ వేసుకున్నారు.

"నువ్వేం అనుకుంటున్నావు?"

"మిమ్మల్ని అడక్కుండా ఒప్పుకోను మామయ్యా. మీకు తెలుసుగా." ఆమె దారం కొస పళ్ళతో తెంపింది. "కానీ నాకూ కొయ్యాలని ఉంది. ఎన్నాళ్ళని కాజాలు కుట్టను?"

కోపంగా అన్న మాట కాదది. కోపంగా అని ఉంటే ఆయనకి తేలికయ్యేది, తనూ కాస్త కోప్పడి ఊరుకునేవారు. "మీటింగు నుంచి వచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు చివరికి. ఆమె లేచి ఇస్త్రీపెట్టె కోసం వస్తూ బల్ల దగ్గర ఆగింది. గుడ్డమీది గీతల్ని పైనుంచి కిందికి చూసింది. చంక వంపు దగ్గర ఆమె చూపు నిలబడిపోయింది. ఇస్త్రీపెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె ఏం చూసిందో మాస్టారికి అర్థమైంది. కొన్నాళ్ళుగా తను కోసిన కోటు చేతులు ఒకదానికొకటి సరిపోవడం లేదని ఆయనకి తెలుసు. పెద్ద తేడా ఏం కాదు, వెంట్రుకవాసి. కోడలు కుట్టేటప్పుడు దాన్ని లోపల్లోపలే సర్దేస్తోంది. కస్టమర్లు అద్దంలో చూసుకుని మురిసిపోయి వెళ్తున్నారు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే క్యారేజీలో తింటూ, ఇద్దరూ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగి తిరిగి నడుస్తున్నారు. ఆమె వెళ్ళిపోతే ఆ వెంట్రుకవాసిని సర్దేవాళ్ళు ఉండరు. షాపూ ఉండదు. అదీ ఆయనకి తెలుసు.

కత్తెర అందుకోబోయి గడియారం చూసి ఆగారు. "వచ్చాక కోస్తాను, గుడ్డ కదపకు" అని, క్లబ్బు బ్యాడ్జీ కోసం కింది సొరుగు లాగారు. పాత కాగితపు నమూనాల పక్కన నూనెగుడ్డ చుట్టిన పొట్లం ఒకటి ఉంది. దాన్ని చూడగానే ఆయన, ఎదురుపడకూడదనుకున్న చుట్టం ఎదురుపడ్డట్టు మొహం తిప్పుకుని, బ్యాడ్జీ మాత్రం తీసుకుని సొరుగు మూసేశారు.

క్లబ్బు అంటే పేకాట క్లబ్బు కాదు. వారానికోసారి మధ్యాహ్నం లైబ్రరీ మేడమీది హాల్లో కలిసి భోంచేసి, ఎవరైనా వ్యాపారస్తుణ్ణో పనిమంతుణ్ణో పిలిచి మాట్లాడించుకుని, బడికి బెంచీలూ ఆసుపత్రికి చక్రాల కుర్చీలూ కొనిపెట్టే సేవాసంఘం. డాక్టర్లూ, లాయర్లూ, షాపుల వాళ్ళూ సభ్యులు. దాన్ని మొదలుపెట్టిన పెద్దాయనకి ఓ మందుల షాపు ఉండేది. ఆయనకి పొగడ్తలంటే తలనొప్పి. అతిథికి వందన సమర్పణ చేసేవాడు ఒక్క పొగడ్త మాట అనకూడదనీ, అతిథి చెప్పినవాటిలో ఒకదాన్ని ఏరుకుని ఫలానా పని నేను చేస్తానని అందరి ముందూ ఒప్పుకోవాలనీ, వచ్చే వారానికల్లా చేసి చూపించాలనీ నియమం పెట్టి పోయాడు.

నియమం వినడానికి బాగుంటుంది. చెయ్యడానికొస్తే అందరికీ ఆ సమయానికి ఫోన్లు వస్తాయి, దగ్గు వస్తుంది. పళ్ళ డాక్టరు ఓసారి ఒప్పుకుని, రోజూ మెట్లెక్కుతానని చెప్పి, మూడోనాటికి లిఫ్టులో దొరికిపోయాడు. చివరికి ఆ పని తలుపు దగ్గర కూర్చునే మాస్టారి నెత్తిన పడింది. ఎవరో ఓ వారానికి చెయ్యండి అన్నారు, ఆయన కాదనలేదు, అంతే. అప్పట్నుంచి క్లబ్బులో ఆయన పేరు థాంక్యూ మాస్టారు.

ఆయన మాత్రం ప్రతి మాటా నిలబెట్టుకున్నారు. ఫైరు సర్వీసు ఆయన వచ్చి వెళ్ళాక షాపులోకి ఇసక బక్కెట్లు వచ్చాయి, వాటిలో ఒకదాన్ని వీధి పిల్లి సొంతం చేసుకుంది. ఈతకొలను కట్టిన కాంట్రాక్టరు వచ్చాక, జుట్టు నెరిసిన వయసులో సొంతంగా నిక్కరు కుట్టుకుని వెళ్ళి ఈత నేర్చుకున్నారు. పుట్టగొడుగుల వ్యాపారి పుణ్యమా అని స్నానాలగదిలో పుట్టగొడుగులు మొలిచాయి. మూగ, చెవిటి పిల్లల బడి నడిపే ఆమె వచ్చి వెళ్ళాక, వేళ్ళతో మాట్లాడటం నేర్చుకోవడం మొదలుపెట్టారు. వారంలో వచ్చే పని కాదది. వచ్చే మీటింగుకి కొలతల వరకు చేసి చూపించి, మిగతాది తర్వాత ఓపిగ్గా నేర్చుకున్నారు. ఇవాళ్టికీ మాటలు రానివాళ్ళు ఎంతెంత దూరాల నుంచో ఆయన దగ్గరికే బట్టలు కుట్టించుకోడానికి వస్తారు. ట్రయలు మూల దగ్గర అద్దం ముందు ఆయనా వాళ్ళూ వేళ్ళతో హాస్యాలాడుకుంటూ నవ్వుకుంటుంటే చూడ్డానికి కళ్ళు చాలవు.

"వారం వారం ఎవడో ఒకడు మీ ఆయన్ని మార్చేస్తున్నాడమ్మా" అని ఎవరైనా అంటే ఆయన భార్య తలకొట్టుకునేది. మీటింగు రోజు పొద్దున్నే అడిగేది కూడా. "ఈ వారం ఎవరట? పాములు పట్టే ఆయనైతే ముందే చెప్పండి, మా అన్నయ్య దగ్గరికి పోతాను."

"రొట్టెల కంపెనీ ఆవిడ" అన్నారు మాస్టారు ఇవాళ.

"నయం. తినేదే" అందామె.

ఇన్నిటిలోనూ ఒక్కటే సగంలో ఆగింది. కొన్నేళ్ళ క్రితం కత్తెరలూ చాకులూ చేసే ఫ్యాక్టరీ యజమాని వచ్చి మాట్లాడుతూ, ఎడమచేతి వాళ్ళకి రేకులు అటుదిటు మార్చిన కత్తెర కూడా తాము చేస్తామని చూపించాడు. మాస్టారు లేచి, "మా కోడలికి ఒకటి కొంటాను" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే కొన్నారు కూడా. తీరా షాపుకి వచ్చేసరికి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. కాలరు బాగా కుదిరాక ఇద్దాం అనుకున్నారు. కాలరు కుదిరింది. లైనింగు నేర్చాక అనుకున్నారు. అదీ నేర్చింది. ఇంకేం మిగలకపోయేసరికి ఆ పొట్లాన్ని పట్టించుకోవడమే మానేశారు. కొంటానన్నాను, కొన్నాను, ఇస్తానని అనలేదుగా అని తనకి తాను చెప్పుకునేవారు. ఆ మాట చెప్పుకున్న ప్రతిసారీ లోపల ఎక్కడో సూది గుచ్చుకునేది.

హాల్లోకి వెళ్ళేసరికి పళ్ళ డాక్టరు, ఈ ఏడాది ప్రెసిడెంటు, గంట కొడుతున్నాడు. మాస్టారు తలుపు పక్క తన కుర్చీలో కూర్చున్నారు. పక్కన ఫోటో స్టూడియో ఆయన, చిన్నప్పటి స్నేహితుడు, అప్పటికే భోజనం చేసేసి కళ్ళు మూతలు పడుతుంటే ఆపుకుంటున్నాడు.

"ఏమోయ్, ఇవాళ రొట్టెలు చేస్తానంటావా?" అన్నాడు చెవిలో.

"విననీ ముందు."

అతిథి లేచి నిలబడింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. ముదురు నీలం కోటు. మాస్టారి కళ్ళు అలవాటుగా కోటుమీదికే వెళ్ళాయి. రెడీమేడు కోటే. చేతులు పొడుగైతే ఆమే స్వయంగా లోపలికి మడిచి చేత్తో కుట్టుకుంది. కుట్లు దగ్గర దగ్గరగా, ఓపిగ్గా ఉన్నాయి. అంత పెద్ద కంపెనీ పెట్టుకుని తన కోటు తను సరిచేసుకున్న మనిషంటే మాస్టారికి అప్పుడే గౌరవం కలిగింది.

మొదట ఆమె అందరూ చెప్పేదే చెప్పింది. ఒక్క బట్టీతో మొదలుపెట్టడం, తెల్లవారకముందే లేవడం, మిగిలిపోయిన రొట్టె పారెయ్యకుండా సాయంత్రం అనాథాశ్రమానికి పంపడం. మాస్టారు అది పట్టుకున్నారు. షాపులో కోటు గుడ్డల ముక్కలు బస్తాలకొద్దీ ఉన్నాయి. వాటితో ఆసుపత్రికి దిండు గలేబులు కుట్టిపెడతానంటే చాలు, అందరూ సంతోషిస్తారు. ఈ వారం పని తేలిపోయిందనుకుని వెనక్కి ఆనుకున్నారు.

అప్పుడామె గొంతు కొంచెం తగ్గింది.

"ఇంకొకటి చెప్పి ఆపేస్తాను" అంది. "నేను రోజూ పొద్దున్నే బట్టీ దగ్గరికి వెళ్ళి మొదటి రొట్టె తుంచి నోట్లో వేసుకునేదాన్ని. నేను సరే అంటేనే తక్కినవి బయటికి వెళ్ళాలి. ఏళ్ళ తరబడి అంతే. ఒకసారి జబ్బు చేసి నాలిక్కి రుచి తెలియడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. వెళ్ళేదాన్ని, తుంచేదాన్ని, నమిలేదాన్ని, సరే అనేదాన్ని. నాకేం తెలియడం లేదని మా బట్టీ ఆమెకి తెలుసు. నేను రాకముందే తను రుచి చూసి, ఉప్పు సరిచేసి పెట్టేది. నేను వచ్చి సరే అనేదాన్ని."

హాల్లో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఆమె వేరే కంపెనీకి వెళ్తానని ఒకరోజు వచ్చి చెప్పింది. నన్ను తిట్టలేదు, జీతం పెంచమనలేదు. 'అమ్మా, అక్కడైతే నా నాలుక నాదే' అంది. ఆ రాత్రి నాకు నిద్రలేదు. మర్నాడు 'ఇక సరే అనాల్సింది నువ్వే' అని ఆమెకి చెప్పి, బట్టీ దగ్గరికి వెళ్ళడం మానేశాను. వెళ్తే నా మొహం చూస్తారు వాళ్ళు, అందుకని వెళ్ళలేదు. ఇప్పుడు నాకు రుచి మళ్ళీ తెలుస్తోంది. అయినా వెళ్ళను. మా రొట్టె నేను కూడా కొట్లో కొనుక్కుని తింటున్నాను. నేను రుచి చూసిన రోజులకంటే బాగుంటోంది. ఒప్పుకోడానికి కష్టంగానే ఉంటుంది, కానీ బాగుంటోంది."

చప్పట్లు. పళ్ళ డాక్టరు తలుపువైపు చూసి, "మాస్టారూ" అన్నాడు.

మాస్టారు లేచారు. బల్ల అంచు లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు గుండీ పట్టుకున్నారు.

"అమ్మగారు మిగిలిన రొట్టె సంగతి చెప్పారు. మా షాపులో మిగిలిన గుడ్డముక్కలతో ఆసుపత్రికి దిండు గలేబులు కుట్టిస్తాను" అన్నారు.

చప్పట్లు కొట్టారు. కొందరు కుర్చీలు వెనక్కి జరిపారు. మాస్టారు కూర్చోలేదు. స్టూడియో ఆయన కోటు కొస పట్టి లాగాడు. ఆయన నిలబడే ఉన్నారు. అక్కడితో ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఎవరికీ తెలియదు కూడా. ఆ గలేబులు కుట్టేది కోడలే అన్న సంగతి మాత్రం ఆయనకి తెలుసు, అక్కడ నోట్లో మాట ఆగిపోయింది.

"అది చిన్న పని" అన్నారు మళ్ళీ. "అమ్మగారు చెప్పింది అది కాదు. నేను తప్పించుకుందామని అన్నాను."

భోజనాల గిన్నెలు తీసేవాళ్ళు ఆగారు.

"మా షాపులో కోత నాదే. ఇన్నాళ్ళూ నాదే. ఈ రోజు నుంచి మా కోడలు కోస్తుంది. నేను కత్తెర పట్టను." గుండీ వదిలేశారు. "వచ్చే వారం చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. మీరే వచ్చి కోట్లు కుట్టించుకుని చూసుకోండి."

ఈసారి చప్పట్లు వెంటనే రాలేదు. స్టూడియో ఆయనకి మాస్టారి కత్తెర ఎప్పట్నుంచో తెలుసు, అది మాస్టారి నాన్న చేతిలో ఉన్నప్పట్నుంచీ తెలుసు. అతనే ముందు కొట్టాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నిద్రవల్ల అని తర్వాత బుకాయించాడు.

మెట్లు దిగుతుంటే రొట్టెల ఆవిడ వెనకాలే వచ్చింది. "నిజంగా చేస్తారా అండీ?" అంది. పైనుంచి పళ్ళ డాక్టరు, "ఆయన స్నానాలగదిలో పుట్టగొడుగులున్నాయమ్మా, వెళ్ళి చూసుకోండి" అన్నాడు. ఆమె అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ప్రతిసారీ మీటింగయ్యాక కాఫీ తాగి, కబుర్లు చెప్పి గానీ ఆయన షాపుకి వెళ్ళరు. ఇవాళ ఆగలేదు. ఆగితే మనసు మళ్ళుతుందని భయం. దారిలో అది మళ్ళనే మళ్ళింది. ఆమె జవాబు చెప్పాల్సింది రేపు పొద్దున్న కదా, ఈ ఒక్క కోటూ తను కోసేసి, రేపట్నుంచి ఇస్తే తప్పేముంది అనిపించింది. బ్యాంకాయన గుడ్డ దేశంలో ఇంకెక్కడా దొరకనిది. కొత్త చేతికి మొదటిరోజే అలాంటి గుడ్డ ఇచ్చేవాడు పిచ్చివాడు. కానీ అందరి ముందూ ఆయన రేపు అనలేదు, ఈ రోజు అన్నారు. తన నోటిమీద తనకే కోపం వచ్చింది. మొదటి సందు దాటేసరికి కాళ్ళు నెమ్మదించాయి, చెప్పుల షాపు ముందు ఆగి, కొనక్కర్లేని జోళ్ళకేసి కాసేపు చూసి, మళ్ళీ నడిచారు.

అద్దాల తలుపు తోయబోయి ఆగిపోయారు.

కోడలు ఆయన బల్ల దగ్గర నిలబడి ఉంది. బూడిదరంగు గుడ్డ జాగ్రత్తగా ఓ పక్కన మడిచి ఉంది. దాని బదులు బల్లమీద పాత న్యూస్‌పేపర్లు పరిచి ఉన్నాయి, వాటిమీద సుద్దతో చంక వంపు గీసి ఉంది. ఆమె ఎడమచేతిలో కొత్తగా మెరుస్తున్న కత్తెర. నూనెగుడ్డ పక్కనే విప్పి ఉంది. ఆమె కోస్తోంది. కత్తెర ఆగడం లేదు, వంపు దగ్గర తడబడటం లేదు, కాగితం దానంతటదే దారి ఇస్తున్నట్టు విడిపోతోంది. ఆమె పెదవులు బిగించి, ఊపిరి పట్టి ఉంది. సరిగ్గా తను పట్టినట్టే.

మీటింగు రోజున చెత్తబుట్టలో కాగితం ముక్కలు ఎందుకు నిండి ఉంటాయో మాస్టారికి అప్పుడు తెలిసింది. మనవడి బడికోసం ఏవో బొమ్మలు కత్తిరిస్తోందని ఇన్నాళ్ళూ అనుకున్నారు.

ఆమె వంపు చివరిదాకా కోసి, ముక్కని వెలుతురుకి ఎత్తి చూసి, కత్తెరని తుడిచి, నూనెగుడ్డలో చుట్టి, సొరుగు వైపు వంగింది. అప్పుడు మాస్టారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు.

"అక్కడ పెట్టకు" అన్నారు.

ఆమె చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. "మామయ్యా, నేను..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా రోజులైంది. సుద్ద కోసం సొరుగు లాగితే కనబడింది." ఆమె పొట్లాన్ని బల్లమీద పెట్టేసింది. "మీరు మీటింగుకి వెళ్ళినప్పుడే తీస్తాను. కాగితం తప్ప ఇంకేం కొయ్యలేదు. ఒట్టు."

"నీకోసమే కొన్నానని నీకు తెలుసు. మరి ఎందుకు అడగలేదమ్మా?"

"మీరే ఇస్తారని చూశాను" అంది కోడలు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆమె ఆ మాట నిష్ఠూరంగా అనలేదు, అందుకే తట్టుకోలేకపోయారు. ఎన్నో మీటింగుల్లో ఎవరెవరి మాటలో చెవులు రిక్కించి విన్న మనిషి, తన షాపులో పక్క మిషను దగ్గర కూర్చున్న మనిషి మాట వినలేదు. సిగ్గేసింది. కాసేపటికి లేచి, మూలన మడిచి ఉన్న ఉన్నిగుడ్డని తెచ్చి, కాగితాలు పక్కకి నెట్టి, బల్లమీద పరిచారు. ముడతలు అరచేత్తో సరిచేశారు.

"ఇది కొయ్యి."

"ఇదా మామయ్యా? ఇది... తప్పితే?"

"తప్పితే ఆయన ముందు నేను నిలబడతాను. నువ్వు కొయ్యి."

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. చాలాసేపు గీతల్ని చూసింది. తలెత్తకుండానే అడిగింది. "చంక దగ్గర గీత మార్చుకోనా?"

"నీ కోత, నీ ఇష్టం."

ఆమె బ్రష్షు తీసుకుని ఆయన గీసిన వంపుని తుడిచేసింది. తెల్లటి పొడి లేచి బల్లమీద పడింది. మాస్టారికి లోపల కలుక్కుమంది. తన గీతని ఇంకొకరు చెరపడం ఆ బల్లమీద అదే మొదటిసారి. ఆమె కొత్త వంపు గీసింది. అది పాత గీతకి వెంట్రుకవాసి పక్కన మొదలై, చివరికొచ్చేసరికి గోరంత దూరం జరిగి, ఉండాల్సిన చోట ఆగింది. అది చూశాక ఆయనకి బాధ మిగల్లేదు. తను మంచి వయసులో ఉన్నప్పుడు గీసిన గీతలా ఉందది.

మెడలో టేపు తీసి మేకుకి తగిలించారు. జేబులోంచి గోరంత సుద్దముక్క తీసి బల్లమీద పెట్టారు. తలుపు వైపు నడిచారు.

"మామయ్యా, ఎక్కడికి?"

"ఇంటికి. ఇక్కడుంటే చూస్తాను. చూస్తే ఏదో ఒకటి అంటాను."

"రేపు రారా?"

"ఎందుకు రాను. నీకు కాజాలు కుట్టే మనిషి కావద్దూ?"

ఆమె నవ్వబోయింది, నవ్వు మధ్యలో కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుంది. "మరి కంపెనీ వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

"నన్నడుగుతావేం. షాపు నీది, నువ్వే చెప్పుకో."

పట్టపగలు ఇంటికి వెళ్ళడం ఆయనకి అలవాటు లేదు. వీధిలో ఎండ ఇంత తెల్లగా ఉంటుందని కూడా మరిచిపోయారు. ఇంటి దగ్గర భార్య తలుపు తీసి, ఈ వేళప్పుడు ఏమిటి, ఒంట్లో బాగాలేదా అంటుంది. రొట్టెల ఆవిడ ఏం అంటగట్టింది అంటుంది. చెప్పడానికి ఈ వారం చేతిలో ఏమీ లేదు. ఆ మాట అనుకోగానే నవ్వొచ్చింది. అడుగు తేలిగ్గా పడింది. నాలుగడుగులు వేశాక, చూడనన్నవాడే ఆగి, ఒక్కసారి షాపు అద్దాల తలుపులోంచి వెనక్కి చూశారు.

కోడలు ఎడమచేతిలో కొత్త కత్తెర సరిచేసుకుంటోంది. ఫాను గాలికి గుడ్డ దూరపు కొస లేచి పడుతోంది. ఆమె దాన్ని ఆపడానికి బరువైనదేదైనా కావాలని అటూ ఇటూ చూసింది. మాస్టారి కత్తెర కనబడింది. దాన్ని రెండుచేతులతో తీసి, రేకులు మూసి, గుడ్డ కొసమీద ఆనించి, మొదటి కోతకి వంగింది.

బొటనవేలు ఆనేచోట నలుపంతా అరిగి తెల్లగా తేలిన ఆ పాత కత్తెర, గుడ్డని కదలనివ్వకుండా పట్టుకుని, బల్ల చివర ఉండిపోయింది.